నేలమీద కొయ్య: బందరు నుండి బెజవాడ వరకు

కృష్ణా డెల్టాలోని ఒక పాత మండువా యింటిలో అడుగుపెట్టి, కాలిక్రింది నేలను మాత్రమే చూచుచు నడువుడు. వీధి అరుగు సున్నపు గచ్చు. మండువా చుట్టునున్న వసారాలు గచ్చో, నాపరాయో. వెనుక వంటయిల్లు, ధాన్యపు కొట్టు ఆవుపేడతో అలికిన మట్టినేల. తల యెత్తి చూచినచో దూలములు, వాసములు, ద్వారబంధములు, అటక అంతయు కొయ్యయే. కాని కాలికి తగులు ఎత్తులో కొయ్య కనబడునది ఒక్కచోటనే: గడప. స్తంభములు సయితము నేలను తాకవు. ఒక్కొక్క స్తంభము క్రింద ఒక్కొక్క రాతిపీఠ ముండును.

ఇంత కొయ్య తెచ్చి యిల్లు కట్టించిన ఆసామి నేలమీద ఒక్క పలకనైన ఏల పరపించలేదు? డబ్బు చాలక కాదు. మేడ గల యిండ్లలో మెట్లెక్కి పైకి పోయినచో, దూలములపై అడ్డుకర్రలు, వాటిపై టేకుపలకలు పరచిన నేల కొన్నిట నేటికిని కనబడును. క్రింద మట్టి, పైన కొయ్య: ఇది మన వడ్రంగులును తాపీమేస్త్రీలును కలిసి చేసికొన్న ఏర్పాటు. దాని వెనుక కొంత చరిత్రయు, కొంత శాస్త్రమును కలవు. నేడు విజయవాడ అపార్టుమెంట్లలో చెక్కనేలలు మరల వచ్చుచున్నవి. అవి చెడుటకు కారణములు మాత్రము క్రొత్తవి కావు. మూడు నాలుగు వందల యేండ్ల నాటి యిండ్లను చెరచినవే.

మన ప్రాంతమున కొయ్యయిండ్లకు పేరుపడిన ఊరు బందరు. గోలకొండ సుల్తానుల కాలమున అది తూర్పుతీరమున గొప్ప రేవు. డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను అక్కడ వర్తకము ప్రారంభించిరి. 1652లో ఆ రేవున దిగిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే, అది పెద్ద పట్టణమనియు, దాని యిండ్లు కొయ్యతో కట్టినవనియు వ్రాసెను. రాజధానికే దారిచూపు రేవుపట్టణమున రాతిమేడలు లేకపోవుట ఆయనకు వింతగా తోచి యుండవచ్చును. మనకు వింత కాదు. బందరు చుట్టు ఉప్పునేల, బురద, ఆటుపోట్ల కాలువలు. దగ్గరలో రాతికొండ లేదు. బరువైన గోడను ఆ నేల మోయదు. తేలికైన కొయ్యకట్టడమును మోయును.

అయితే కొయ్యకు శత్రువైన నీరు కూడ అక్కడనే కలదు. 1679లో ఒక ఉప్పెన ఆ పట్టణమును ముంచినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరులోను, చుట్టుపట్లను సుమారు 30,000 మంది మరణించిరి. టావెర్నియే చూచిన కొయ్యబందరు నేడు కానరాదు.

గోదావరి ముఖమున నరసాపురము దగ్గర మాధవాయపాలెమున్నది. 17వ శతాబ్దమున అక్కడ ఇంగ్లీషు వర్తకులు ఓడలు కట్టించుకొనెడివారు. 1669 నుండి పదియేండ్లు ఈ సముద్రముల తిరిగిన నావికుడు టామస్ బౌరీ, ఆ చోట మంచి కలప, మంచి యినుము, నేర్పరులైన పనివారు దొరకుదురని మెచ్చుకొనెను. ఓడ పైతట్టు కూడ ఒక చెక్కనేలయే గదా. దానిని కాపాడు పద్ధతి మాత్రము యింటినేలకు పూర్తిగా విరుద్ధము. ఓడవారు పలకల సందులలో నార కూరి, పైన కరగిన గుగ్గిలము వంటి జిగురు పోసి, ప్రతిదినము సముద్రపు నీటితో కడిగెడివారు. తడిసిన పలక ఉబ్బి సందును మూయును. ఎండిన పలక కుదించుకొని నీటిని లోనికి వదలును. ఓడకు కావలసినది ఎల్లప్పుడు తడిగా నుండు కొయ్య. యింటికి కావలసినది ఎల్లప్పుడు పొడిగా నుండు కొయ్య. తడియుట, ఎండుట, మరల తడియుట అను మూడవ స్థితికి ఓడలోను మన్నిక లేదు, యింటిలోను లేదు. చెక్కనేల సంరక్షణలో నూటికి తొంబది వంతులు ఈ ఒక్క విషయమే.

డెల్టాలో టేకు అడవి లేదు. ఈ నేల సొంత కలప తాటిదూలము. తాడిచెట్టు గడ్డి, వెదురులవలె ఏకదళబీజపు మొక్క. దాని మ్రానులో వలయములు ఏర్పడవు. గట్టిదనమంతయు నల్లని నారలతో వెలుపలి భాగమున నుండును, నడుమ మెత్తని బెండు. టేకు ఇందుకు తలక్రిందులు: గట్టి చేవ నడుమ నుండును, వెలుపల తెల్లచెక్క. తాటికర్ర దూలములకును వాసములకును సాటిలేనిది, కాని వెడల్పైన నునుపు పలకలు దాని నుండి రావు. పలకలకు గోదావరి పైయెగువ అడవుల టేకు కావలసి వచ్చినది. అది నదిపై రాజమహేంద్రవరము చేరెడిది. ధవళేశ్వరము ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసెను. ఆ యేటనే బెజవాడ ఆనకట్ట మొదలై 1855లో ముగిసెను. రెండు డెల్టాల కాలువలను ఏలూరు కాలువ కలిపినది. పొలములకు నీరిచ్చిన కాలువలే పడవలకును దారియై, బండిమీద తెచ్చుటకు కష్టమైన దుంగలు నీటిమీద బెజవాడ దాక రాగలిగెను. ఓడలమీద బర్మా టేకు కూడ తీరమునకు వచ్చినది. నేటికిని మన ముసలివారు మంచి తలుపును మెచ్చుకొనవలసి వచ్చినపుడు “బర్మా టేకు” అనియే అందురు, అది ఎక్కడిదైనను సరే. అన్నపంట పెరిగి చేతిలో డబ్బాడిన ఆ తరము వారే మేడలు కట్టించి, పైన పలకల నేలలు వేయించిరి.

ఇక్కడ మాటల విషయమై ఒక చిక్కు తీర్చవలెను. పాఠ్యపుస్తకములలో ‘గట్టి కలప’, ‘మెత్తని కలప’ అను విభజన కనబడును. అది గట్టిదనమును బట్టి చేసినది కాదు. వెడల్పాకుల చెట్ల కలపను గట్టి కలప అనియు, దేవదారు, పైను వంటి సూదియాకుల చెట్ల కలపను మెత్తని కలప అనియు వృక్షశాస్త్రజ్ఞులు పిలుతురు. విజయవాడ ప్రక్కనున్న కొండపల్లిలో బొమ్మలు చెక్కు తెల్లపొణికి ఈ లెక్కన గట్టి కలపయే! గోటితో నొక్కినచో గంటుపడు ఆ కర్రతో నేల పరచినచో ఒక్క సంవత్సరమైన నిలువదు. నేలకు కావలసినది పేరులో గట్టిదనము కాదు. టేకు, నల్లమద్ది, యేగిస వంటి చెట్ల చేవ.

టేకు చేవలో ఏమున్నది? దానిలో సహజమైన నూనెవంటి పదార్థములు కలవు. అందు టెక్టోక్వినోన్ అనునది చెదలకు విషప్రాయము. ఓక్ కలపలో టానికామ్లము ఉండుటచే దానిలో దిగగొట్టిన యినుపమేకు త్వరగా తుప్పుపట్టును. టేకులో అట్లు తుప్పుపట్టదు. ఓడలు కట్టువారికి టేకుపై అంత మోజు కలుగుటకు ఇదియు ఒక కారణము. ఓడల టేకు తరిగిపోవుచున్నదను భయముతోనే 1840ల దశకమున మలబారు కలెక్టరు కోనలీ నీలంబూరులో టేకుతోట నాటించెను. అయితే ఈ రక్షణ చేవకే గాని తెల్లచెక్కకు లేదు. టేకు కొన్నామని తృప్తిపడి తెల్లచెక్క గల పలకలు నేలకు వాడినవారు చెదలకు విందు చేసినవారగుదురు.

కొయ్య ప్రాణము పోయిన తరువాత కూడ గాలితో నీటిని ఇచ్చిపుచ్చుకొనుచునే యుండును. గాలిలో తేమ నూటికి 30 వంతులున్నపుడు కొయ్యలో సుమారు 6 శాతము నీరు నిలుచును; గాలి తేమ 80 వంతులైనపుడు అది సుమారు 16 శాతమగును. మేనెలలో బెజవాడ వడగాలి మొదటి స్థితికి చేరువ. ఆగస్టు, సెప్టెంబరు నెలల ముసురు రెండవదానికి చేరువ. నీరు తగ్గినపుడు కొయ్య కుదించుకొనును, పెరిగినపుడు ఉబ్బును. పచ్చి టేకు పూర్తిగా ఎండువరకు వయోవలయములకు అడ్డముగా సుమారు 2.5 శాతము, వలయముల వెంబడి సుమారు 5.8 శాతము కుదించుకొనును. పొడవునా మార్పు లేదనియే చెప్పవచ్చును.

లెక్క కట్టి చూతము. కొయ్యలోని నీరు సుమారు 28 శాతమునకు దిగువకు వచ్చిన తరువాతనే కుదింపు మొదలగును. కనుక 10 శాతము తేడాకు వలయముల వెంబడి కుదింపు 5.8ని 28తో భాగించి 10తో గుణించినంత, అనగా దాదాపు 2 శాతము. ఆరంగుళముల పలకకు ఇది 3 మిల్లీమీటర్లు. అట్టివి ఇరువది పలకలు ప్రక్కప్రక్కన బిగించినచో మొత్తము తేడా 6 సెంటీమీటర్లు. గదిలోని కొయ్య ఋతువుతోపాటు నిదానముగా మారును గనుక నిజముగా వచ్చు తేడా ఇంతకంటె తక్కువ. అందు సగము వచ్చినను వేసవిలో సందులు విచ్చుకొనును, వానకాలములో పలకలు ఒకదానినొకటి త్రోసికొని నడుమ పైకి లేచును. పాత వడ్రంగులు ఈ అంకెలు నేర్వలేదు. అయినను దుంగను నడిబొడ్డు మీదుగా కోయించి, ముఖముపై గీతలు నిలువుగా, సమాంతరముగా కనబడు పలకలనే నేలకు ఏరుకొనెడివారు. అట్టి పలక వెడల్పు వలయములకు అడ్డముగా నుండుటచే దాని కదలిక సగముకంటె తక్కువ. గోడ ప్రక్కన వ్రేలెడు సందు విడిచి, దానిపై అంచుపట్టీ కొట్టెడివారు. నేటి పనివారు కొందరు ఆ సందును అందముకొరకు పూడ్చివేయుచున్నారు. అది వానకాలమువరకే అందము.

పాఠశాలలో దీనిని కంటికి చూపవచ్చును. వడ్రంగి దుకాణములో పారవేసిన అడ్డకోత టేకుముక్క నొకటి తెచ్చి, మేనెలలో వెర్నియర్ కాలిపర్సుతో వెడల్పు కొలిచి, త్రాసులో తూచి, తేదీతో వ్రాసియుంచుడు. ఆ ముక్కనే సెప్టెంబరులో మరల కొలిచి తూచుడు. విద్యార్థులు పుస్తకములో చదివినది నమ్ముటకంటె తాము వ్రాసిన రెండంకెల తేడాను ఎక్కువగా నమ్ముదురు.

ఇక నేలమట్టమున కొయ్య ఏల నిలువదో తేటపడును. డెల్టాలో నల్లరేగడి మన్ను హెచ్చు. అది వానకు ఉబ్బును, ఎండకు నెర్రెలు విచ్చును. ఊరి చుట్టు కాలువలు, వరిమడులు ఉండుటచే భూగర్భజలము పైకే యుండును. ఆ తేమ మట్టి సందులగుండ కేశనాళికలలోవలె పైకి ప్రాకును. క్రిందినుండి తేమ, పైనుండి ఎండగాలి తగిలిన పలక ఒక ముఖము ఉబ్బి రెండవది కుదించుకొని దొన్నెవలె వంగును. నీరు 20 శాతము దాటిన కొయ్యలో బూజుజాతి శిలీంధ్రములు పుట్టి దానిని మెత్తగా చేయును. అన్నిటికంటె పెద్ద బెడద చెదలు. మనము ‘తెల్లచీమలు’ అనుచున్నను అవి చీమలు కావు. బొద్దింకల వంశమునకు చెందినవని నేటి శాస్త్రజ్ఞుల నిర్ణయము. మన ప్రాంతపు చెదలు భూమిలో గూడుకట్టి, ఎండ తగులకుండ మట్టిగొట్టములు కట్టుకొని కొయ్యను చేరును. స్తంభము క్రింద రాతిపీఠము ఎందుకో ఇప్పుడు తెలిసినది. రాయి చెదలను చంపదు, వాటిని బయటపెట్టును. రాతిమీద మట్టిగొట్టము కనబడగనే యిల్లాలు చీపురుతో తుడిచివేయును. కొయ్య నేలలో దిగియున్నచో ఆ దారి కనబడనే కనబడదు.

ఈ నియమమునకు తప్పినది గడప ఒక్కటే. అందుకే దానికి ఇంటిలో ఎక్కడను లేని పోషణ. మంచి చేవగల కర్ర ఏరుట, వారమునకు ఒకసారి కడిగి పసుపు పూయుట. పసుపు నూనెకు కొన్ని పురుగులను పారద్రోలు గుణము కలదన్నది నిజమే. కాని పైపూత లోపలికి పోదు, కడిగిన నీరు పోవును. పాత గడపలను ఊడదీసినపుడు చూడుడు: నడుమ పసుపు మెరయుచుండగా, గోడలో దాగిన రెండు కొనలు పుచ్చియుండును. పసుపు మానవలెనని కాదు. కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడువవలెను.

మేడమీది చెక్కనేలకు మొదటి శత్రువు నీరుగాక ఇసుక. కృష్ణ ఇసుకలో హెచ్చుభాగము స్ఫటికము. మోహ్స్ కొలమానమున దాని కాఠిన్యము 7. గాజును గీయగలదు, టేకును లెక్కచేయునా? చెప్పులు వీధిలో విడుచు మన అలవాటు చెక్కనేలకు ఏ మెరుగుపూత చేయని మేలు చేయును. దాని వెంటనే వచ్చు రెండవ అలవాటు, కాళ్ళు కడిగికొని తడికాళ్ళతో లోనికి వచ్చుట, ఆ మేలును చెరచును. నడుమ ఒక గోనెపట్టా చాలును. ప్రతిదినము మెత్తని చీపురుతో ఊడ్చుట, వారమున కొకసారి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి వెంటనే పొడిగుడ్డతో ఒత్తుట; ఇంతకుమించి దినచర్య అక్కరలేదు. బకెట్టు నీరు, ఫినాయిలు పోసి కడుగుట గచ్చుకు తగిన మర్యాద, కొయ్యకు కాదు.

పూతల విషయమున రసాయన శాస్త్రము తెలిసినచో డబ్బు మిగులును. ఇంటిలో నున్నదిగదా అని కొందరు వేరుసెనగనూనెయో, ఆముదమో రాయుదురు. అవి ఎన్నటికిని ఎండవు. జిడ్డుపై దుమ్ము పట్టి నేల నల్లబడును. అవిసెనూనె వేరు. దాని అణువులలో జంటబంధములు హెచ్చు. దాని అయొడీను సంఖ్య 170 నుండి 200 వరకుండును, వేరుసెనగనూనెది సుమారు 100 లోపే. గాలిలోని ఆమ్లజనిని గ్రహించి అవిసెనూనె అణువులు ఒకదానితో నొకటి ముడిపడి గట్టిపొర యగును. రెండు గాజుపలకలపై చెరియొక చుక్క వేసి కొన్ని వారములు ఉంచినచో విద్యార్థులే తేడా చూతురు. పలుచగా రాసి, పావుగంటలో మిగిలినదంతయు తుడిచివేసి, రెండు మూడు దినములు ఆరనిచ్చి, మరల రాయవలెను. అయితే ఒక ప్రమాదము. ఆమ్లజనితో కలయునపుడు వేడి పుట్టును. నూనెగుడ్డలను ముద్దచేసి మూలపడవేసినచో ఆ వేడి బయటికి పోక, నిప్పు తగులకయే అవి అంటుకొనును. వాడిన గుడ్డను విప్పి ఆరుబయట తీగపై విడిగా ఆరవేయవలెను, లేదా నీటిలో ముంచవలెను. కొయ్య కాపాడబోయి యిల్లు కాల్చుకొనరాదు.

లక్కను స్పిరిటులో కరగించి పూయు మెరుగు కుర్చీలకు, పెట్టెలకు అందము. నేలకు పనికిరాదు, నీటిబొట్టు పడిన చోట తెల్లమచ్చ ఏర్పడును. తేనెమైనము పైరుద్దుడుకు మంచిదే, కాని దట్టముగా పూసినచో కాలు జారును. పూత చెదిరినదో లేదో తెలియుటకు పరికరములు అక్కరలేదు. ఒక చుక్క నీరు వేయుడు. ముత్యమువలె నిలిచినచో పూత యున్నది. అయిదు నిమిషములలో క్రింద నల్లబడినచో లేదు. చెదలకు కూడ ఇట్టి పరీక్షయే: వ్రేలి కణుపుతో తట్టుచు పోవుడు. గుల్లమ్రోత వచ్చు పలకను ఎత్తి చూడవలెను.

1936లో విజయవాడలో ఆంధ్ర సిమెంటు కంపెనీ స్థాపితమైనది. రైలుమీద కడప రాళ్ళు, పల్నాటి నాపరాళ్ళు చవుకగా దిగెను. ఇనుపకడ్డీ సిమెంటు కప్పు వచ్చిన పిదప మేడకు దూలమే అక్కరలేకపోయెను, దూలముతోపాటు పలకనేలయు పోయెను. తరువాత మొజాయిక్కు, ఇప్పుడు నునుపు పలకబిళ్ళలు. ఊళ్ళలో మండువా లోగిళ్ళు కూల్చినపుడు ఆ టేకును కొని తలుపులుగా, బల్లలుగా మలచి అమ్మువారున్నారు. నూరేండ్లు ఆరిన ఆ చేవకు సాటివచ్చు క్రొత్త కలప దొరకుట అరుదు. ఆ పలకలను ఉన్నచోటనే, నేలగానే నిలుపుకొనగలవారు వాటిని అమ్ముకొనుట నాకు నష్టబేరముగా తోచును.

నేటి అపార్టుమెంట్లలో చెక్కనేలగా కనబడునది తరచు కొయ్యపొడిని జిగురుతో అదిమి, పైన చెక్కగీతల అచ్చుకాగితము అంటించిన అట్ట. అంచుగుండ నీరు దిగినచో అది ఉబ్బి మరల అణగదు. దానికి పాలిషు లేదు, మార్చుటయే. నిజమైన పలకకు మరల బ్రతుకున్నది.

2024 సెప్టెంబరు మొదటి దినములలో ఇది పలువురకు అనుభవమైనది. ప్రకాశం బరాజు వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు పైగా పారినది. బుడమేరు గండ్లుపడి సింగ్ నగర్ ప్రాంతమున యిండ్లు దినముల తరబడి నీటిలో నున్నవి. మంచములు, తలుపులు, ద్వారబంధములు అన్నియు ఉబ్బెను. నీరు తీసిన వెంటనే వాటిని ఎండలో పెట్టుట మన సహజపు తొందర. అదే వాటిని చీల్చును. పైపొర ఎండి కుదించుకొనగా లోపల నీరు నిండియుండును. మొదట మంచినీటితో బురదను కడుగవలెను, ఏలయన సందులలో నిలిచిన ఒండ్రు తేమను పట్టియుంచును. పలకల నేలయైనచో అక్కడక్కడ ఒక్కొక్క పలక లేపి క్రింద గాలి ఆడనీయవలెను. లేపిన పలకలను నీడలో, నడుమ సన్నని బద్దలు పెట్టి దొంతిగా పేర్చి, పైన బరువుంచి, కిటికీలు తెరచి పంకా తిప్పవలెను. వారమున కొకసారి ఒకే పలకను తూచి వ్రాసికొనవలెను. బరువు తగ్గుట ఆగినదాక, అది రెండు నెలలైనను సరే, మేకు కొట్టరాదు, నూనె పూయరాదు.